మా ఆయన కొలతకు వేసిన బల్ల

కాఫీ కప్పు నా చేతిలోంచి జారిపడిందని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు. జారలేదు. పట్టుకున్నాననే అనుకున్నాను, వేళ్ళే పట్టుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, మూడూ తిమ్మిరెక్కి ఎవరివో నాకు తగిలించినట్టున్నాయి. నేల మీద కాఫీ, కప్పు ముక్కలు, మధ్యలో నేను.

"పోనీలే, దిష్టి పోయింది" అంటూ అత్తయ్య చీపురు పట్టుకొచ్చారు.

"చెయ్యి తడిగా ఉందండీ, అందుకే" అని అబద్ధమాడి, కుడిచేతిని చున్నీ కిందకి లాక్కున్నాను. ఆవిడ ముక్కలు ఊడుస్తూ ఒక్కసారి నా మొహంకేసి చూశారు.

అది మొదటి లాక్‌డౌన్ నాటి ఏప్రిల్. జర్మనీలో బ్యోబ్లింగెన్ అనే ఊళ్ళో మూడో అంతస్తు ఇల్లు. ఒక పడగ్గది, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటికి రావాల్సిన వంటిల్లు. ఆ ఇంట్లో రెండు ఆఫీసులు, ఒక అత్తగారు. ఆవిడ ఫిబ్రవరిలో వచ్చారు, ఉగాదికల్లా తెనాలి వెళ్ళిపోవాలని. విమానాలు ఆగిపోయాయి. అక్కడ మావయ్య ఒక్కరే ఉప్మా వండుకు తింటూ, రోజూ ఫోన్లో "ఆవాలు ఏ డబ్బాలో ఉన్నాయే" అని అడుగుతుండేవారు. ఇక్కడ ఈవిడ హాల్లో సోఫా మీద కూర్చుని, నేను ఇంగ్లీషులోనూ వచ్చీరాని జర్మన్లోనూ మీటింగులు చేస్తుంటే చప్పుడు కాకుండా కూర తరుగుతుండేవారు.

నా ఉద్యోగం జనవరిలో వచ్చింది. జర్మనీకి వచ్చిన అయిదేళ్ళకి. ఆ అయిదేళ్ళూ భాష నేర్చుకోవడం, దరఖాస్తులు పెట్టడం, "మీకు శుభం కలుగుగాక" అని ముగిసే తిరస్కారాలు చదువుకోవడం. చివరికి కార్లలో పెట్టే సాఫ్ట్‌వేర్ని పరీక్షించే పని దొరికింది. అయితే మొదటి ఆర్నెల్లూ ప్రోబెత్సైట్, అంటే ప్రొబేషను. ఆ లోపు రెండు వారాల నోటీసిచ్చి, కారణం చెప్పకుండా పంపించెయ్యొచ్చు. మా ఆయన ఆఫీసులో అప్పటికే పనిగంటలు సగానికి కోసేశారు. అలాంటప్పుడు చెయ్యి మొద్దుబారిందని ఎవరితో చెప్పను? మౌసు పట్టుకోలేని టెస్టర్ని ఎవరు ఉంచుకుంటారు? నా చెయ్యి పోతే నా ఉద్యోగం పోతుంది, అయిదేళ్ళ తర్వాత మళ్ళీ నేను ఇంట్లో కూర్చున్న మనిషినైపోతాను. అదీ నా భయం. నాకు భయం వేస్తే కోపంగా బయటికొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక్కడ బల్ల సంగతి చెప్పాలి.

లాక్‌డౌన్‌కి కొద్దిరోజుల ముందు మా ఆయన ఆఫీసుకి ఒక నిపుణురాలు వచ్చి, ఎవరెలా కూర్చోవాలో కొలిచి చెప్పి వెళ్ళింది. ఈయనగారు ఆ కొలతలన్నీ బుద్ధిగా కాగితం మీద రాసుకున్నాడు. దుకాణాలు మూస్తారని తెలియగానే పరిగెత్తికెళ్ళి ఇనపకాళ్ళ బల్లలు రెండు తెచ్చాడు, ఒకటి తనకి, ఒకటి నాకు. శనివారమంతా నేల మీద బోర్లా పడుకుని, ఆ కాగితం చూసుకుంటూ రెండింటినీ ఒకే ఎత్తుకి బిగించాడు. బిగించేశాక ఇక కదలకుండా గట్టి జిగురు కూడా పోశాడు, మహానుభావుడు. నా బల్ల మీద స్క్రీను కూడా అదే లెక్కన పెట్టి, వెనక్కి జరిగి నిలబడి, "చూడు, ఒక్క మిల్లీమీటరు తేడా లేదు" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే ముద్దొచ్చింది. నిజమే, తేడా లేదు. కాకపోతే ఆయన ఆరడుగులు, నేను అయిదడుగుల ఒక్క అంగుళం.

ఆ సంగతి ఆయనకి తట్టలేదు సరే, నాకూ తట్టలేదు! నిపుణురాలు చెప్పిన కొలత కదా, నొప్పి వస్తే తప్పు నాదే అనుకున్నాను. భుజాలు చెవుల దాకా ఎత్తి, మణికట్టు వెనక్కి విరిచి, డైనింగు కుర్చీ అంచున వేలాడుతూ నెలన్నర పనిచేశాను. మెడ పట్టేసింది, తర్వాత భుజం, ఆ తర్వాత వేళ్ళు.

ఏప్రిల్ చివర్లో కొట్లలోకి మాస్కు లేనిదే రానివ్వమన్నారు. మందుల షాపులో మాస్కుల్లేవు, ఆన్‌లైన్‌లో లేవు. ఊరంతా గుడ్డముక్కలతో కుట్టుకుంటున్నారు. ఎదురింటి ముసలావిడ తలుపు పిడికి ఒక పూలగుడ్డ మాస్కు వేలాడదీసి పోయింది. ఒక్కటే. మేము ముగ్గురం.

మా ఇంట్లో మాత్రం టైలరుంది. అత్తయ్య ముప్పై ఏళ్ళు తెనాలిలో వసారాలో మెషీను పెట్టుకుని జాకెట్లు కుట్టిన మనిషి. పెళ్ళిళ్ళ సీజనులో ఆవిడ చేతి జాకెట్టు కోసం జనం నెల ముందే గుడ్డ ఇచ్చిపోయేవారట. అయిదేళ్ళ క్రితం మానేశారు. "కొడుకు జర్మనీ వెళ్ళాడు, ఇంకా ఆవిడకి కుట్టాల్సిన ఖర్మేంటి" అని ఊళ్ళో అనుకున్నారు, మేమూ అనుకున్నాం. తల్లికి పొద్దుపోతుందని మా ఆయన మార్చిలోనే ఒక చిన్న కరెంటు కుట్టుమిషను తెప్పించాడు. ఆవిడ "బావుందిరా నాన్నా" అన్నారు. పెట్టె విప్పలేదు. అది సోఫా పక్కన అట్లాగే ఉండిపోయింది, దాని మీద ఆవిడ కళ్ళజోడు పెట్టుకునేవారు.

"అత్తయ్యా, నాలుగు మాస్కులు కుట్టేద్దురూ" అన్నాను, నా పాత కాటన్ చున్నీ ఒకటి ఆవిడ ఒళ్ళో పెట్టి.

"ఇప్పుడెక్కడ కుడతానే. కళ్ళు ఆనడం లేదు."

"బియ్యంలో నల్లపురుగు ఆనుతుంది కదా!"

ఆవిడ నవ్వలేదు. చున్నీ మడత పెట్టి పక్కన పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పూట చెయ్యి మరీ తిమ్మిరిగా ఉంది, మధ్యాహ్నం టీం లీడు ముందు ఒక టెస్టు రెండుసార్లు తప్పు నొక్కాను. ఆ ఉడుకంతా ఆవిడ మీద పోశాను.

"ఊరందరికీ ముప్పై ఏళ్ళు కుట్టారు. సొంత కొడుక్కీ కోడలికీ నాలుగు మాస్కులు కుట్టడానికి చేతులు రాలేదా మీకు?"

మా ఆయన పడగ్గది లోంచి తొంగిచూశాడు. అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళి, అంట్లు లేకపోయినా కుళాయి తిప్పి నిలబడ్డారు. నోరు జారితే తీసుకోలేమంటారు. నాకది వినడమే గానీ ఆచరించడం ఎప్పుడూ రాలేదు.

మూడో రోజు తెల్లవారింది. వేళ్ళు మండుతూ మెలకువ వచ్చింది. ఆ మధ్య రోజూ అదే వరస. మా ఆయన లేవకుండా మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి చేతిని కిందకి వేలాడేసి విదిలిస్తున్నాను. థర్మామీటర్ని విదిలిస్తారే, అలాగ. అలా చేస్తే కాస్త ప్రాణం వచ్చేది.

"ఎన్నాళ్ళ నుంచి?"

వెనక అత్తయ్య. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

"ఏంటండీ?"

"నా దగ్గరా నాటకాలు? విదిలిస్తున్నావుగా. అలా విదిలించిందాన్ని నేనూ రెండేళ్ళు. ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతున్నా."

"నెల" అన్నాను.

ఆవిడ దగ్గరికొచ్చి నా చెయ్యి తీసుకుని, అరచేతిలో బొటనవేలి కింద ఉబ్బుని నొక్కి చూశారు. "ఇంకా కండ ఉంది. పర్లేదు" అని, తన కుడి అరచెయ్యి తెరిచి నా కళ్ళ ముందు పెట్టారు. ఆ ఉబ్బు ఉండాల్సిన చోట గుంట ఉంది. చర్మం లోపలికి లాక్కుపోయి, ఎముక కనబడుతోంది. రెణ్ణెల్ల నుంచి ఆ చేత్తో వడ్డిస్తే తింటున్నాను, ఒక్కసారీ చూడలేదు.

"సూది నిలవదే అమ్మా, ఈ వేళ్ళలో. దారం ఎక్కించలేను. గుడ్డ పట్టు తెలీదు. ఒకరి పెళ్ళి జాకెట్టు మెడ వంకర కుట్టి ఇచ్చాను. వాళ్ళేమీ అనలేదు, కానీ నేను చూశానుగా. ఆ రోజే మానేశాను."

"మరి కొడుకు సంపాదిస్తున్నాడని..."

"వాళ్ళనుకున్నారు. అననిచ్చాను. చెయ్యి పోయిందంటే పనికిరానిదైందంటారు. కొడుకు జర్మనీ వెళ్ళాడని మానేసిందంటే మర్యాదగా ఉంటుంది కదా."

"మావయ్యకి?"

"తెలీదు. తెలిస్తే ఆస్పత్రులంటూ తిప్పుతాడు. తిమ్మిరి మొదలైనప్పుడు ఈడింకా చదువుతున్నాడు, డబ్బు వాడి ఫీజులకే చాలేది కాదు."

నేను ఆవిడ చెయ్యి వదలకుండా ఏడ్చాను. "మొన్న నేనన్న మాట..." అని మొదలుపెడితే, "ఊరుకోవే, నిజమే కదా అన్నావు, చేతులు రాలేదు" అని నవ్వేశారు. అలా నవ్వేసరికి నాకు ఇంకా ఏడుపొచ్చింది. ఒట్టి క్షమించండి అంటే చాలదని తెలుసు. కాఫీ పెట్టాను. ఎడమచేత్తో.

ఆ పొద్దున్నే మా ఆయనకీ చెప్పేశాం, నా చెయ్యి సంగతి, ఆవిడ చెయ్యి సంగతి. ఆయన చాలాసేపు తల్లి అరచేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్లో డాక్టరు నాకు మణికట్టుకి పట్టీ కట్టుకోమన్నారు, నరాల డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, జూలైలో దొరికింది. "జూలై దాకా నరం ఆగుతుందా?" అన్నారు అత్తయ్య. "కూర్చో, నీ కూర్చోడం చూడాలి."

బల్ల ముందు కూర్చున్నాను. ఆవిడ నా పక్కకి, వెనక్కి, మళ్ళీ పక్కకి తిరిగారు, ట్రయలు గదిలో జాకెట్టు వేసుకున్న పెళ్ళికూతురి చుట్టూ తిరిగినట్టు.

"ఈ బల్ల ఎవరి కొలత?"

"ఆయన కొలతేనండీ. రెండూ ఒకటే."

"ఓరి నీ తెలివి తెల్లారా!" అని పడగ్గది వైపు కేకేశారు. "ఏరా, నీ చొక్కా ఆది ఇచ్చి దీనికి జాకెట్టు కుట్టించావా?"

కొలతకి టేపు పెట్టించుకోవడానికి సిగ్గుపడి మనవాళ్ళు సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తీసుకెళ్ళి ఆదిగా ఇస్తారు చూడండి, ఆవిడకి ఆ అలవాటంటే మంట. "ఆది చూసి కుడితే ఆ జాకెట్టుకి సరిపోతుంది గానీ మనిషికి సరిపోదు" అనేవారట. మా ఇంట్లో జరిగిందీ అదే. మా ఆయన బల్ల నాకు ఆది అయింది.

ఆవిడ తన హ్యాండుబ్యాగు తెచ్చుకుని, పాసుపోర్టు కింద నుంచి చుట్ట చుట్టిన పసుపు టేపు తీశారు. అయిదేళ్ళ క్రితం కుట్టడం మానేసిన మనిషి సముద్రాలు దాటొస్తూ టేపు తెచ్చుకున్నారు. మోచేతి నుంచి కుర్చీ దాకా, మోకాలి నుంచి నేల దాకా, కంటి నుంచి బల్ల దాకా కొలిచారు. నాకు కొలతలు చెబుతుంటే నేనే ఎడమచేత్తో రాసుకున్నాను.

"కుర్చీ నాలుగు వేళ్ళు తక్కువ" అన్నారు చివరికి. "బల్ల దిగదు, జిగురు పోశాడుగా మా మేధావి. నువ్వే ఎక్కాలి."

రెండు దుప్పట్లు మడిచి కుర్చీ మీద వేసి, కదలకుండా ఆవిడ పాత చీర అంచు చింపి నాకే చెప్పి కట్టించారు. మోచేతులు బల్లకి సమంగా వచ్చాయి, భుజాలు దిగాయి. కానీ కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. మా ఆయన ఉత్సాహంగా తన ఇంజనీరింగు పుస్తకాలు నాలుగు తెచ్చి నా కాళ్ళ కింద పెట్టబోయాడు.

"పుస్తకాల మీద కాళ్ళా! సరస్వతిరా!"

సరేనని పదికిలోల బియ్యం బస్తా ఈడ్చుకొచ్చాడు.

"బియ్యం మీదా! అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

"అమ్మా, ఏ దేవతకీ చెందని వస్తువు ఈ ఇంట్లో ఏముందో నువ్వే చెప్పు" అని చతికిలబడ్డాడు. వెతగ్గా వెతగ్గా కెల్లర్‌లో, అంటే ఇంటి కింద సామాన్ల కొట్లో, నీళ్ళసీసాల ఖాళీ క్రేటు దొరికింది. దాన్ని బోర్లించి పెట్టాడు. అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించారు. గంగమ్మ గుర్తొస్తుందేమోనని మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. "ఖాళీదేగా, పర్లేదు" అన్నారు.

తర్వాత మౌసు. దూరంగా ఉన్నదాన్ని లాగి నా పక్కకి తెచ్చారు. "కత్తెర ఎక్కడ పెట్టుకుంటాం? చెయ్యి చాచకుండా అందేచోట. మణికట్టు వంచకు. గుడ్డని తోస్తూ తోస్తూ నేను వంచాను, ముప్పై ఏళ్ళు."

"మీ మెషీను ఎత్తెక్కువా అత్తయ్యా?"

"మా బావగారి షాపులోది. ఆయన పొడుగు. దానికి తగ్గ స్టూలు ఆయన అట్టే పెట్టుకుని, మెషీను నాకిచ్చాడు. నేను పొట్టి స్టూలు వేసుకున్నా." టేపు చుట్టడం మొదలుపెట్టారు. "ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒంటికి పట్టినట్టు కుట్టాను. నా స్టూలు కింద నాలుగు వేళ్ళ చెక్క వేసుకోవాలని నాకు తోచలేదే."

నేను కీబోర్డు మీద చేతులు పెట్టి కూర్చున్నాను.

మే నెలలో మా కంపెనీ వాళ్ళు, ఇంటి దగ్గర ఎలా కూర్చుంటున్నారో పక్క నుంచి ఫోటో తీసి పంపమన్నారు. చీర అంచుతో కట్టిన కుర్చీ, కాళ్ళ కింద సీసాల క్రేటు, చేతికి పట్టీ. ప్రొబేషనులో ఉన్నదాన్ని, ఇది పంపితే ఏమనుకుంటారు? "కుర్చీ సోకు కాదు కదా, నీ కూర్చోడం కదా వాళ్ళకి కావాల్సింది. పంపు" అన్నారు అత్తయ్య. భయపడుతూనే పంపాను. చెయ్యి సంగతి కూడా రాసేశాను. ఎలాగూ పట్టీ కనబడుతుంది.

రెండు రోజులకి జవాబొచ్చింది. చెయ్యి గురించి ముందే చెప్పి ఉండాల్సిందని మెత్తగా కోప్పడి, వేరే రకం మౌసు పంపిస్తున్నామని రాశారు. కింద ఇంకో వాక్యం. మీ కుర్చీ ఎత్తు, చేతుల కోణం చాలా సరిగ్గా ఉన్నాయి, ఎవరు సర్దారు అని. మా ఇంట్లో ఒక టైలరుంది అని జవాబు రాశాను. ఆ వాక్యాన్ని అత్తయ్యకి తెలుగులో చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. మూడోసారి మావయ్యకి ఫోను కలిపి ఆయన వింటుండగా చెప్పించారు.

జూన్ చివరికి నా వేళ్ళలోకి స్పర్శ వచ్చింది. మొదట మధ్యవేలు, తర్వాత చూపుడువేలు. బొటనవేలు మొండిది, ఆలస్యం చేసింది. జూలైలో నరాల డాక్టరు ఏవో తీగలు పెట్టి చూసి, ఆపరేషను అక్కర్లేదు, ఇలాగే కూర్చో అన్నారు. అదే వారం నా ఉద్యోగం ఖాయమైంది. అత్తయ్యకి టికెట్టూ దొరికింది. ఒకే వారంలో నవ్వాలో ఏడవాలో తెలీకుండా చేశాడు దేవుడు.

ఆవిడ ప్రయాణం ముందురోజు కుట్టుమిషను పెట్టె నేనే విప్పాను. నా బల్ల ఖాళీ చేసి దాని మీద పెట్టాను.

"ఇప్పుడెందుకే ఇది?"

"కుట్టడానికి కాదండీ. ఊరికే కూర్చోండి. టేపు ఇవ్వండి."

కూర్చున్నారు. టేపు భుజానికి తగలగానే, పొద్దున్నే చన్నీళ్ళు పడ్డట్టు ముడుచుకుపోయారు. "నాకు కొలతలేంటే, నవ్వుతారు ఎవరైనా" అన్నారు. ఎప్పుడైనా ఎవరైనా మీ కొలతలు తీశారా అని అడిగాను. ఆలోచించారు. పెళ్ళికి అక్క జాకెట్టు ఆదిగా ఇచ్చారట. ఆ తర్వాత తన పాత జాకెట్టు చూసుకుని తనే కుట్టుకున్నారట. "లేదే" అన్నారు. ఆశ్చర్యంగా అన్నారు, ఆవిడకీ అప్పుడే తెలిసినట్టు. ఆది అంటే అంత మండిపడే మనిషి.

నాకు కళ్ళనీళ్ళాగలేదు. ముక్కు ఎగబీలుస్తూనే మోచేతి నుంచి కిందకి పట్టాను.

"టేపు వదులు చెయ్యకు. బిగించి పట్టు, కొలత తప్పుతుంది" అని కసిరారు.

తెనాలి మెషీను ఎత్తు ఆవిడనే అడిగి, స్టూలు ఇంకా ఎంత పెరగాలో, కాళ్ళ కింద ఎంత ఉండాలో అన్నీ కాగితం మీద రాసి, టేపుతో పాటు హ్యాండుబ్యాగులో పెట్టాను. తర్వాత ఆవిడే, నేను దారం ఎక్కించి ఇస్తే, గుడ్డని అరచేతి అంచుతో తోసుకుంటూ ఒక మాస్కు కుట్టారు. కుట్టు వంకర పోయింది. విప్పెయ్యబోయి ఆగి, "ఉండనీలే" అన్నారు. మర్నాడు ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి నేను అదే పెట్టుకు వెళ్ళాను.

ఆగస్టులో ఒకరోజు పని మధ్యలో మావయ్య ఫోను. "మీ అత్తయ్య ప్రాణం తీస్తోందమ్మా. వసారాలో మెషీను దుమ్ము దులిపింది. స్టూలుకి చెక్క కొట్టించమని ఒకటే పోరు. వడ్రంగి మూడు వేళ్ళు చాలంటే వినదు. నాలుగు వేళ్ళు, కోడలు కొలిచి రాసిచ్చింది అంటుంది. వారానికి ఒకటైనా కుట్టుకుంటుందట. ఎంతమ్మా, నాలుగేనా?"

"నాలుగే మావయ్యా" అన్నాను. "ఒక్క గీత కూడా తగ్గించద్దని చెప్పండి."

ఫోను పెట్టేసి, నడుం నిటారుగా పెట్టి, కాళ్ళు క్రేటు మీద ఆనించి, మణికట్టు వంచకుండా, అక్కడే బల్ల ముందు కూర్చుని కడుపారా ఏడ్చాను.